ఆనంద్ బాబు గిటార్

మామిడికాయల సీజన్ అయిపోయాక నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డు మీద మనుషులు పెద్దగా కనపడరు. మే నెలంతా లారీలు, ట్రాక్టర్లు, తూకాల షెడ్ల ముందు కూలీల కేకలు, ముగ్గిన పళ్ళ పులుపు వాసన. జూలై వచ్చేసరికి షెడ్లకి తాళాలు పడతాయి. కాపలావాళ్ళు మంచాలు ఎత్తుకుని ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. చెట్లూ, చెట్ల కింద నీడా మిగులుతాయి.

ఆ రోడ్డు పక్కనే ఒక బంగినపల్లి తోటని ఆనుకుని తబిత ఇల్లు. రెండు గదులు, ముందు చిన్న వరండా. ముందు గదిలోనే ఆమె పని. పదిహేనో ఏట నూజివీడులో కృష్ణమూర్తి గారి వీణల కొట్లో పాలిష్ పెట్టే పనికి చేరింది. చూస్తూ చూస్తూ పనస చెక్క తొలవడం, మెట్లు బిగించడం, విరిగింది అతికించడం అన్నీ పట్టుబడ్డాయి. ఇప్పుడామెకి యాభై రెండు. కృష్ణమూర్తి గారు పోయారు, కొట్టు మూతపడింది. చుట్టుపక్కల చర్చిల్లో గిటార్ పగిలినా, హార్మోనియం తిత్తి చిరిగినా అందరూ తబిత దగ్గరికే తెస్తారు. వాళ్ళమ్మ నాలుగేళ్ళ క్రితం పోయింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

జూలై ఆఖరు వారం, శుక్రవారం మధ్యాహ్నం, జి. కొండూరు నుంచి సుసన్నా వచ్చింది. అక్కడి స్కూల్లో టీచరు. ఆటోలోంచి ఒక నల్లటి పొడుగాటి పెట్టెని రెండు చేతులతో ఎత్తుకుని దిగింది. ఆ పెట్టె చూడగానే తబిత లేచి నిలబడింది. ముప్పై ఏళ్ళ నుంచీ ఎరిగిన పెట్టె అది.

"అక్కా, అన్నయ్యది," అంది సుసన్నా.

"తెలుసమ్మా. లోపలికి రా."

సుసన్నా వాళ్ళన్నయ్య ఆనంద్ బాబు చనిపోయి అప్పటికి మూడు వారాలు. ఒకప్పుడు సువార్త సభలకి గిటార్ వాయించేవాడు. కృష్ణా జిల్లాలో పందిరి వేసిన ప్రతి సభలోనూ ఆయన ఉండేవాడంటే అతిశయోక్తి కాదు. తర్వాత కీబోర్డులొచ్చాయి, కుర్రాళ్ళొచ్చారు. చాట్రాయి దగ్గర ఎవరిదో పాతిక ఎకరాల తోటకి కాపలా ఒప్పుకుని, అక్కడి రేకుల షెడ్డులోనే ఒంటరిగా ఉండిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు.

సుసన్నా పెట్టె తెరిచింది. లోపల పండు చెర్రీ రంగు ఎలక్ట్రిక్ గిటార్. అరవై ఏళ్ళ క్రితం అమెరికాలో చేసింది. మిషన్ ఆసుపత్రిలో పని చేసిన ఒక దొర దేశం వదిలి వెళ్తూ, వాళ్ళింట్లో వంట చేసే ఆనంద్ బాబు తండ్రికి ఇచ్చి పోయాడు. ఇలాంటివి ఇప్పుడు దొరకవని మద్రాసు నుంచి ఒకాయన కారేసుకుని వచ్చి అడిగితే కూడా ఆనంద్ బాబు అమ్మలేదు. ఆ గిటార్ ఇప్పుడు మెడ విరిగి పడుంది. బిరడాలుండే తల భాగం పూర్తిగా ఊడి, తీగల ఆధారంగా వేలాడుతోంది.

"ఎలా జరిగిందమ్మా?" అని అడిగింది తబిత. ఊళ్ళో వాళ్ళ నోట విన్నదే గానీ, ఇంటివాళ్ళ నోట వినలేదు.

సుసన్నా కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ రోజు పెద్ద వాన కదక్కా. షెడ్డు కారుతోందని, అటక మీద పెట్టిన గిటార్ కిందికి దింపబోయాడు. నిచ్చెన జారింది. దాన్నీ పట్టుకునే పడ్డాడు. దాని మెడా విరిగింది... అన్నయ్య మెడా..." ఊడిన తల భాగాన్ని చేత్తో పట్టుకుంది. "కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఫోను అటక మీదే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న చెట్లకి మందు కొట్టడానికి వచ్చి తోట పనివాడు గంగరాజు చూశాడు. డాక్టరు గారేమో తెల్లవారుజాము దాకా ప్రాణం ఉండి ఉంటుందన్నారు. రాత్రంతా అరిచే ఉంటాడక్కా. ఆ తోటలో ఎవరున్నారు వినడానికి?"

ఆ రాత్రి తబిత ఇక్కడే, ఇదే గదిలో, వాన చప్పుడుకి హాయిగా నిద్రపోయింది.

"ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. మా కీర్తిప్రియ వాయిస్తానంటోంది. వాళ్ళ మామయ్య నేర్పిన పాట, ఈ గిటార్ మీదే వాయించాలట. తగ్గుతుందా అక్కా?" సుసన్నా ఆసుపత్రిలో అడిగినట్టే అడిగింది.

తబిత విరిగిన చోట వేలితో తడిమింది. చెక్క అడ్డంగా తెగలేదు. నార వెంబడి ఏటవాలుగా, పొడుగ్గా చీలింది. రెండు వైపులా పేళ్ళు రాలిపోకుండా ఉన్నాయి. లోపలి ఇనుప చువ్వ వంగలేదు.

"తగ్గుతుందమ్మా. ఆదివారం పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళు."

సుసన్నా వెళ్ళాక తబిత చాలాసేపు ఆ గిటార్ ముందు ఊరికే కూర్చుంది.

ఆనంద్ బాబు మొదటిసారి కృష్ణమూర్తి గారి కొట్టుకి వచ్చినప్పుడు ఆమెకి ఇరవై రెండు. గిటార్‌లో ఏదో గరగర వస్తోందన్నాడు. చూస్తే ఏమీ లేదు. మళ్ళీ నెలకి వచ్చాడు. అప్పుడూ ఏమీ లేదు. మూడోసారి కృష్ణమూర్తి గారు నవ్వి లోపలికి వెళ్ళిపోయారు. అప్పుడే ఒక వింత చూపించాడు. పాత గిటార్లలో, తీగల కింద ఉండే పికప్పుల్లో మైనం ఎండిపోతే, అవి తీగల మోతనే కాదు, దగ్గరగా మాట్లాడిన మాటని కూడా పట్టుకుంటాయట. తీగల మీదికి వంగి, "బాగున్నారా తబిత గారూ," అని గుసగుసగా అన్నాడు. గదికి అటు మూల ఉన్న యాంప్లిఫైయర్ పెట్టెలోంచి ఆ మాట గట్టిగా వినపడింది. తబిత ఉలిక్కిపడి, తర్వాత పడీపడీ నవ్వింది.

పాస్టరు గారి ద్వారా సంబంధం అడిగించాడు. అప్పుడే వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడింది. రెండేళ్ళు ఆగమని తబిత కబురు చేసింది. ఆగాడు. ఇంకో రెండేళ్ళంది. ఆ తర్వాత ఆమె అనలేదు, ఆయన అడగలేదు. అమ్మ ఇరవై ఆరేళ్ళు మంచంలో ఉంది. భూస్థాపనకి ఆనంద్ బాబు వచ్చి పాట వాయించాడు. వెళ్తూ గేటు దగ్గర నిలబడి, "ఏదన్నా అవసరమైతే కబురు పెట్టండి తబిత గారూ," అన్నాడు. అన్నేళ్ళలోనూ ఆ 'గారు' వదల్లేదు. ఆమె కబురు పెట్టలేదు. ఏమని పెడుతుంది?

లేచి పని మొదలుపెట్టింది.

మెత్తటి కుంచెతో చీలికలో దుమ్ము దులిపింది. రెండు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి పెట్టి చూసింది. చక్కగా కూర్చున్నాయి. వేడినీళ్ళ గిన్నెలో, పశువుల తోలు నుంచి తీసే వజ్రం బంక కరిగించింది. కృష్ణమూర్తి గారు వీణలకి వాడిన బంకే. కాగుతుంటే తోలు ఉడికిన వాసన గదంతా కమ్ముకుంది. అది చల్లారేలోపు చెయ్యాలి. చీలిక రెండు వైపులా పూసి, ముక్కలు కలిపి, బెండు ముక్కలు అడ్డం పెట్టి నాలుగు క్లాంపులు బిగించింది. అంచుల్లోంచి బంక సన్నగా చెమర్చింది. తడిగుడ్డతో తుడిచింది. ఇక ఒక రాత్రీ ఒక పగలూ దాన్ని ముట్టుకోకూడదు.

శనివారం సాయంత్రం క్లాంపులు విప్పింది. అతుకు గోటికి తగల్లేదు. రంగు సరిచేసి, ఆరాక కొత్త తీగలు ఎక్కించేసరికి ఏడు దాటింది. బయట చీకటి పడింది. ఉక్కగా ఉంది. వాన జాడ లేదు. గాలి లేక ఆకు కూడా కదలడం లేదు. వీధి తలుపు దగ్గరగా వేసి, బల్ల ముందు స్టూలు మీద కూర్చుంది. ఆ స్టూలు మీద కూర్చుంటే వీధి తలుపు వీపు వైపు ఉంటుంది. మొదట్నుంచీ అంతే, వెలుతురు వెనక నుంచి చేతుల మీద పడాలని అలా వేసుకుంది.

తీగలు బిగించింది. మెడ మీద ఎంత లాగుడు పడుతుందో ఆమెకి తెలుసు. కిర్రుమనలేదు. నిలిచింది. మూలనున్న చిన్న యాంప్లిఫైయర్‌కి కేబులు తగిలించి స్విచ్చి వేసింది. ఒక్కో తీగా మీటింది. తేనె చుక్కల్లా రాలాయి స్వరాలు. పికప్పు మీద గోటితో తట్టింది. యాంప్లిఫైయర్ పెట్టెలో టక్కుమంది. వంగితే తన ఊపిరి కూడా పెట్టెలోంచి వినపడింది, బుస్... బుస్... అని. ఆనంద్ బాబు గుర్తొచ్చి చిన్నగా నవ్వుకుంది.

తీగల మీద అరచెయ్యి పెట్టి మోత ఆపింది. పెట్టెలో సన్నగా హుం మనే మోత మిగిలింది.

ఆ హుం కింద ఇంకేదో ఉంది.

చెవి పెట్టింది. చిటపట... చిటపట... వాన. రేకుల మీద పడుతున్న వాన.

లేచి వెళ్ళి వీధి తలుపు బార్లా తీసింది. ఆకాశం నిండా చుక్కలు. వరండా గచ్చు పొడిగా ఉంది. ఆమె ఇంటికి పెంకులే గానీ రేకులు లేవు. తోటలో కీచురాళ్ళు కూడా అరవడం లేదు. ఆమె వెనక, గదిలోని పెట్టెలో మటుకు వాన జోరందుకుంటోంది.

తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చుంది. కేబులు వదులైతే ఇలాంటి గోల వస్తుందిలే అనుకుని, దాన్ని సరిచేయబోయింది. అప్పుడు పెట్టెలో ధన్‌మని ఏదో పడింది. చెక్క విరిగిన చప్పుడు. ఆ చప్పుడు ఆమెకి బాగా తెలుసు. తర్వాత నిశ్శబ్దం, వాన.

తర్వాత ఒక మగమనిషి మూలుగు.

తబిత కేబులు పీకేసింది.

గది మూగపోయింది. ఎంతసేపు కూర్చుందో తెలియదు. మళ్ళీ తగిలించింది.

"అమ్మా... ఎవరన్నా ఉన్నారా..." అంటోంది పెట్టె. "ఎవరండీ... ఎవరన్నా..."

ఆనంద్ బాబు గొంతు.

మళ్ళీ పీకేసింది. లేచి వంటగదిలోకి వెళ్ళిపోయి, తలుపేసుకుని నేల మీద కూర్చుంది. ప్రార్థన చేయబోతే మాటలు రాలేదు. పొయ్యి మీద అన్నం గిన్నె అలాగే ఉంది. గోడ గడియారం తొమ్మిది కొట్టింది. పది కొట్టింది. పక్క గదిలో ఏ చప్పుడూ లేదు. కానీ చప్పుడు లేనంత మాత్రాన అక్కడ ఏమీ జరగడం లేదా? కేబులు పీకేస్తే ఆయన అరవడం ఆగుతుందా, తను వినడం ఆగుతుందా? రాత్రంతా అరిచే ఉంటాడక్కా... ఎవరున్నారు వినడానికి...

ఆయన పడ్డ రాత్రి ఆమె నిద్రపోయింది. ఆమెకి తెలియదు. ఇప్పుడు తెలుసు. తెలిసి కూడా గోడకి ఇవతల కూర్చుంటే?

తబిత లేచింది. ముందు గదిలోకి వెళ్ళింది. వీధి తలుపు తీసే ఉంది. దాని వంక చూడలేదు. స్టూలు మీద కూర్చుని, గిటార్ ఒళ్ళోకి తీసుకుని, కేబులు తగిలించింది.

వాన కాస్త తగ్గింది. ఆయన గొంతు కూడా తగ్గింది. బొంగురుపోయింది. సుసన్నాని పిలిచాడు. గంగరాజుని పిలిచాడు. చనిపోయిన వాళ్ళ నాన్నని పిలిచాడు. కాసేపు ఏడ్చాడు. ఆ తర్వాత చాలాసేపు చూరు నీళ్ళు కారే చప్పుడే.

"తబిత గారూ..."

ఆమె తీగల మీదికి వంగింది. పెదాలు తీగలకి తగిలాయి, చల్లగా.

"ఇక్కడే ఉన్నానండీ," అంది గుసగుసగా.

పెట్టెలో వాన. అంతే. తనకి పిచ్చెక్కింది అనుకుంది.

అప్పుడు చాలా మెల్లగా... "తబితా? నువ్వేనా?"

'గారు' లేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనేనండీ."

"ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడే... ఆలస్యమైంది. చాలా ఆలస్యమైంది."

"పర్లేదు," అన్నాడు. "వానగా ఉంది కదా." కొంచెంసేపాగి, "కాళ్ళు లేనట్టున్నాయి తబితా. ఏమీ తెలియట్లేదు. చలి మాత్రం తెలుస్తోంది."

"నిద్రపోకండి. మాట్లాడుతూ ఉండండి."

"గిటార్ విరిగిపోయింది. చూశావా?"

"అతికించేశానండీ."

"నిజంగా?"

తబిత నాలుగు తీగలు కలిపి మీటింది. స్వరం గదిలో నిండి, మెల్లగా సన్నగిల్లింది. అటు వైపు ఆయన నిట్టూర్చాడు. నొప్పితో కాదు.

"నీ చేతి పని," అన్నాడు.

అలా ఎంతసేపు గడిచిందో. ఆయన ఒక మాట, ఆమె ఒక మాట. కృష్ణమూర్తి గారి కొట్టు ముందు చెరుకురసం బండి గురించి అడిగాడు. ఆమె తల్లి పోయిన సంగతే మరిచిపోయినట్టు, వాళ్ళమ్మకి కాళ్ళ నొప్పులు తగ్గాయా అని అడిగాడు. తగ్గాయని చెప్పింది. మధ్యమధ్యలో ఆయన పలకడం ఆగిపోయేది. ఆమె పిలిచేది. మళ్ళీ పలికేవాడు, ప్రతిసారీ ఇంకొంచెం దూరం నుంచి.

"తబితా."

"ఆఁ."

"నీతో వచ్చినతన్ని కూడా లోపలికి రమ్మను. తడుస్తున్నాడు."

ఆమెకి అర్థం కాలేదు. "నాతో ఎవరూ రాలేదండీ."

"గుమ్మంలో నిలబడ్డాడు కదా."

వాన. చూరు నీళ్ళు.

"గంగరాజేమో," అంది తబిత. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది.

"గంగరాజు కాదు. పొడుగు. తల ద్వారబంధానికి తగిలి... వంచుకుని నిలబడ్డాడు. నేను పడ్డప్పట్నుంచీ ఉన్నాడు. ఎంత పిలిచినా పలకడు. మంచినీళ్ళు అడిగినా ఇవ్వలేదు."

"ఏం చేస్తున్నాడు?"

"చూస్తున్నాడు."

తబిత తీగల మీదికి ఇంకా వంగింది. "అటు చూడకండి. కళ్ళు మూసుకోండి."

"మూసుకున్నా కనపడుతున్నాడు." ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. "మొదట్లో అసలు కదల్లేదు. నువ్వొచ్చాకే కదిలాడు. నువ్వు మాట్లాడినప్పుడల్లా... తల పక్కకి పెట్టి... వింటున్నాడు."

తబిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఊపిరి పెట్టెలో బుస్ బుస్ మంటోంది.

వాన పూర్తిగా ఆగినట్టుంది.

"వెళ్ళిపోయాడు," అన్నాడు ఆనంద్ బాబు.

"హమ్మయ్య... మంచిదే కదండీ."

"కాదు తబితా." ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నాడు. "బయటికి వెళ్ళలేదు. నీ గొంతు ఎటు నుంచి వస్తోందో... అటు వెళ్ళాడు. నువ్వెక్కడున్నావు?"

"మా ఇంట్లో."

"తలుపు వేసుందా?"

తలుపు బార్లా తీసే ఉందని తబితకి గుర్తొచ్చింది. వీపు మీద చల్లగా ఏదో పాకింది. గాలి కాదు. గాలి లేదు. తడిసిన మట్టి వాసన వేసింది, ఆమె వెనక నుంచి.

"వెనక్కి తిరగకు," అన్నాడు ఆయన. "తబితా... నువ్వు వెళ్ళిపో. నాతో మాట్లాడకు. కేబులు తీసెయ్."

ఆమె చెయ్యి కేబులు మీదికి వెళ్ళింది. పీకేస్తే చాలు. పీకేసి, వంటగదిలోంచి దొడ్డి తలుపు తీసుకుని, తోట అవతలి మంగమ్మ వాళ్ళింటి దాకా పరిగెడితే... రెండు ఫర్లాంగులు. కేకేస్తే మంగమ్మ లేస్తుంది.

ఆ ఒక్క సంబంధం మాట తప్ప, ముప్పై ఏళ్ళలో ఆయన ఆమెని ఏమీ అడగలేదు. ఇప్పుడు కూడా వెళ్ళిపొమ్మంటున్నాడు.

తబిత చెయ్యి వెనక్కి తీసుకుంది. గిటార్‌ని గుండెకి దగ్గరగా హత్తుకుంది. బాగు చేసిన మెడ ఆమె భుజం మీద ఆనింది.

"నేనెక్కడికీ వెళ్ళనండీ," అంది. "ఉన్నాను. ఇక్కడే ఉన్నాను."

ఆయన మళ్ళీ మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది. లోతుగా... ఆగి... మళ్ళీ. ప్రతి ఊపిరికీ ఆమె "ఉన్నానండీ" అంది. వంద సార్లు అనుంటుంది. వెయ్యి సార్లు అనుంటుంది. గడియారం ఎన్ని కొట్టిందో లెక్క తెలియలేదు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య దూరం పెరిగింది. పెరిగింది. ఇంకా పెరిగింది.

తర్వాతిది రాలేదు.

తబిత ఎదురుచూసింది. పెట్టెలో హుం. ఆ హుం మీద తన ఊపిరి. బుస్... బుస్...

తన ఊపిరితో కలవని ఇంకొకటి.

నెమ్మదిగా ఉంది. దగ్గరగా ఉంది. చాట్రాయి నుంచి వచ్చేది కాదు. పికప్పుకి అంత స్పష్టంగా తగలాలంటే జానెడు, బెత్తెడు దూరంలో ఉండాలి... ఆమె భుజం మీది నుంచి వంగి ఉండాలి.

తబిత ఊపిరి బిగబట్టింది.

అది ఆగలేదు.

ఆమె అలాగే కూర్చుంది. తిరగలేదు. కదల్లేదు. కళ్ళు బల్ల మీది బంక గిన్నె మీద పెట్టి, దాని అంచు మీది మచ్చల్నే చూస్తూ కూర్చుంది. కిటికీ బూడిద రంగుకి తిరిగింది. తోటలో మొదటి కాకి అరిచింది. రోడ్డు మీద పాలబండి వెళ్ళిన చప్పుడైంది. ఆ చప్పుడులోనే ఎప్పుడో, పెట్టెలో హుం తప్ప ఏమీ లేదని గమనించింది.

అప్పుడు తిరిగి చూసింది. గది ఖాళీ. తలుపు తీసి ఉంది. వరండా పొడిగా ఉంది.

ఆరున్నరకి సుసన్నా వచ్చింది. గిటార్ చేతిలోకి తీసుకుని, మెడ మీద అటూ ఇటూ వేలు పోనిచ్చి, అతుకు ఎక్కడుందో కనుక్కోలేక తబిత వంక చూసింది. అప్పుడు ఆమె ముఖం చూసి కంగారుపడింది.

"రాత్రంతా మేలుకున్నావా అక్కా?"

"అతుకు నిలుస్తుందో లేదోనని చూస్తూ కూర్చున్నానమ్మా."

సుసన్నా గిటార్ పెట్టెలో పడుకోబెట్టి మూత వేసింది. వేశాక దాని మీద చెయ్యి అలాగే ఉంచింది. "నాకు ఒక్కటే బాధక్కా. ఒంటరిగా పోయాడు. పక్కన ఒక్క మనిషి లేకుండా."

"ఒంటరిగా పోలేదులే," అంది తబిత.

సుసన్నా తలెత్తింది. కళ్ళు తుడుచుకుని తలాడించింది. "అవునక్కా. దేవుడున్నాడు కదా."

తబిత ఆటో దాకా వెళ్ళి పెట్టె ఎక్కించి వచ్చింది. కూడికలో కీర్తిప్రియ చాలా బాగా వాయించిందట. అక్కడున్నవాళ్ళు ఏడ్చారట. తబిత వెళ్ళలేదు.

ఆ రోజే ఆమె తన బల్లని గదికి అటు వైపు జరుపుకుంది. ఇప్పుడు స్టూలు మీద కూర్చుంటే వీధి తలుపు ఎదురుగా కనపడుతుంది. వీపు గోడకి ఆనుతుంది. స్టూలుకీ గోడకీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు కూడా లేదు. తన వెనక ఎవరూ నిలబడలేరు. అలా కూర్చుంటే కొంచెం ధైర్యంగా ఉంది. పనిలో పడింది. చర్చిల వాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే వరండాలోకి వెళ్ళి మాట్లాడుతుంది. లోపల గొంతు ఎత్తదు. ప్రార్థన కూడా మనసులోనే.

ఆగస్టు మధ్యలో ఒక రోజు గది ఊడుస్తూ గోడ మీద మరక చూసింది. నూనె రాసుకున్న తల రోజూ గోడకి ఆనిస్తే సున్నం మీద పడుతుందే, అలాంటి మరక. గుండ్రంగా, గోధుమ రంగులో, జిడ్డుగా. స్టూలుకి సరిగ్గా వెనకే ఉంది. కానీ దూలానికి జానెడు కింద. స్టూలెక్కి చెయ్యి చాస్తే గానీ ఆమెకి అందలేదు.

సున్నం కలిపి ఆ మేరకి రెండు పూతలు వేసింది.

పది రోజులకి మళ్ళీ పడింది. ఈసారి నేల మీద నిలబడి చెయ్యెత్తితే అందింది. మళ్ళీ సున్నం వేసింది. సెప్టెంబరులో మళ్ళీ పడింది, ఆమె నుదుటి ఎత్తులో. సున్నం వేస్తూనే ఉంది.

నిన్న సాయంత్రం ఒక హార్మోనియం మెట్లు సరిచేస్తూ, నడుం పట్టేసి వెనక్కి వాలింది. చెంపకి పక్కన గోడ జిడ్డుగా, చల్లగా తగిలింది. మెల్లగా తల తిప్పి చూసింది. కొత్త మరక. ఈసారి అది కూర్చున్న తన చెవికి సరిగ్గా సమంగా ఉంది. ఇంకా తడి ఆరలేదు.